అవ్వ పిడికిలి

1993లో శివరాత్రి ఫిబ్రవరి 19న, శుక్రవారం వచ్చింది. అయిదు రోజులకు, 24వ తేదీ బుధవారం, క్రైస్తవులమైన మాకు శ్రమకాలం, అంటే ఈస్టరు ముందటి నలభై రోజుల ఉపవాస కాలం, మొదలైంది. ఆ వారంలోనే రంజాన్ నెల కూడా మొదలైంది. చిత్తూరు అంచున, నీవా నది వైపు దిగే మా సందులో ఆ వారం ఏ గడప తొక్కినా ఎవరో ఒకరు ఒక్కపొద్దు ఉన్నారు. ఎదురింటివాళ్లకు శివరాత్రి జాగారం అలసట ఇంకా తీరలేదు. పక్కింటి సాయిబుల అక్క తెల్లారకముందే సహరీకి లేచి పొయ్యి ముట్టించేది. గోడమీద పడే ఆ వెలుగు చూసి మా అవ్వ లేచి, మంచం పక్కనే మోకరించేది. నాకప్పుడు పదమూడేళ్లు. అంతవరకూ ఎవరూ చెయ్యనంత గట్టి ఉపవాసం ఆ ఏడు నేను చెయ్యాలని పట్టు పట్టాను.

ముందు లెక్క వేసుకున్నాను. శ్రమకాలం మొదలయ్యే బూడిద బుధవారం నుంచి ఈస్టరు ముందటి శనివారం దాకా నలభై ఆరు రోజులు వస్తాయి. ఆదివారం పునరుత్థాన దినం కాబట్టి ఆరు ఆదివారాలు తీసెయ్యాలని సండేస్కూల్లో చెప్పారు. లాంగ్ నోట్‌బుక్ వెనక పేజీలో స్కేలు పెట్టి నలభై గళ్లు గీశాను. పొద్దున టిఫిను మానాలి. బడి ముందు అమ్మే ఉడకబెట్టిన చెనిక్కాయలు మానాలి. పక్కింట్లో టీవీ చూడడం మానాలి. మూడూ మానిన రోజున ఆ గడిలో ఒక టిక్కు.

మా గుడిలో నుదుట బూడిద పెట్టే అలవాటు లేదు, అది ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) వాళ్లకు ఉండేది. మా పాస్టరు అయ్యగారు "నీవు మన్నే గనుక తిరిగి మన్నై పోదువు" అన్న మాట చదివారు. తర్వాత 51వ కీర్తన అందరం కలిసి చదివాం. ఆ మన్ను మాట నా చెవిదాకా వచ్చి ఆగిపోయింది. నా మనసంతా గళ్లమీదే ఉంది.

అవ్వ అంటే మా నాయన వాళ్లమ్మ. మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడి, ఆర్కాటు మిషన్ గుళ్లన్నీ అందులో కలిసిన 1947లోనే ఆమెకు పెళ్లయింది. సంఘం వయసు ఎంతని ఎవరైనా అడిగితే తన పెళ్లి ఏడు చెప్పేది. తాత తొందరగా పోయాడు. అప్పటినుంచి చింతపండుతో ఇల్లు నడిపింది. పుంగనూరు పక్కనుంచి కాయ కొని తెచ్చేది. మాసి, పంగుని నెలల (ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా) ఎండలకు ఆరబెట్టేది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లను పెట్టుకుని పెచ్చు కొట్టి, ఈనె లాగి, గింజ తీసి, ముద్దలు చేసి మార్కెట్టుకు వేసేది. (మా ఊళ్లో సగం మాటలు అరవం నుంచి వచ్చినవే, అవ్వ నెలలు కూడా అరవంలోనే చెప్పేది.) శ్రమకాలం ఎప్పుడూ ఆ పని ముమ్మరంగా ఉండే రోజుల్లోనే పడేది. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు గుడ్ ఫ్రైడే గుర్తొస్తుంది.

ఒకరి ముందు చెయ్యి చాచని మనిషి అని మా వీధి అంతా అనేది. నిజమే. అప్పు అడగలేదు. తమ్ముడి ఇంట్లో పెళ్లికి పోయినా తన బియ్యం తను మూటగట్టుకుని పోయేది. నలభై రోజులూ పగలు నీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా, చీకటి పడ్డాక ఇంత సంగటి తినేది. ఆ కడుపుతోనే గంపలు మోసేది. ఆమెను చూసే కదా నేను గళ్లు గీసుకున్నది.

ఇంకొకటి చెప్పాలి. పొయ్యి పక్కన ఒక మట్టి ముంత ఉండేది. మా సంఘంలో ఆడవాళ్లందరి ఇళ్లలోనూ ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి ముంతలో వెయ్యాలి. అది దేవుని పిడికెడు. ఆదివారం ఆ బియ్యమంతా గుడికి తీసుకుపోతే లేనివాళ్లకు పంచేవాళ్లు. అవ్వ పిడికిలి పెద్దది. చింతకాయలు కొట్టీ కొట్టీ వెడల్పయిన అరచెయ్యి. ఆ పిడికిలి పట్టితే గింజ కూడా కింద రాలేది కాదు. శ్రమకాలంలో రెండు పిడికిళ్లు వేసేది. "నా చేతికి రెండంటే ఇంకొకరి చేతికి నాలుగు" అనేది. ఆ మాటలో ఎంత గర్వముందో అప్పుడు నాకు తెలియదు. నాకూ అదే గర్వం కాబట్టి ఎట్లా కనిపిస్తుంది?

మార్చి 6, శనివారం. పదో గడి.

మధ్యాహ్నం అవ్వ వసారాలో కూర్చుని కాయలు కొడుతోంది. చేతిలో కట్టె జారి కింద పడింది. దాన్ని చూసింది. తీసుకోవడానికి చెయ్యి చాచితే చెయ్యి పోలేదు. మళ్లీ చూసింది, ఈసారి చేతివైపు. నన్ను పిలవబోయి ఏదో అన్నది, అది నా పేరు కాదు, అసలు మాటే కాదు. మూతి ఒక పక్కకు జరిగింది. పని ఆడవాళ్లు పట్టుకునేలోపల చింతపండు రాశి మీదికే ఒరిగిపోయింది. నాయన ఆటో తెచ్చి ఊళ్లో డాక్టరుకు చూపించి, అట్నుంచి అటే వేలూరుకు తీసుకుపోయాడు. ఆ సాయంత్రం అమ్మ వంటచేసే స్థితిలో లేదు. పక్కింటి అక్క తెచ్చిపెట్టిన బన్ను నేనూ తమ్ముడూ తిన్నాం. పదో గడిలో టిక్కు పెట్టలేదు. ఆ తర్వాత ఆ పేజీ తెరవలేదు.

వేలూరు మాకు గంట ప్రయాణం. ఐడా స్కడ్డరు 1900లో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టిన ఆసుపత్రి అది. మా పక్క క్రైస్తవుల ఇళ్లలో ఆమె కథ తెలియని పిల్లలుండరు. వార్డు వరండాలో కూర్చుని అమ్మ ఆ ఆదివారం మళ్లీ చెప్పింది. తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు మనుషులు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ముగ్గురి ఇళ్లలోనూ ప్రసవం కష్టమైంది. ఆడ డాక్టరు కావాలన్నారు. ఐడా అప్పటికి డాక్టరు కాదు, జబ్బుగా ఉన్న తల్లిని చూసుకోవడానికి వచ్చిన పడుచుపిల్ల. డాక్టరైన తండ్రి వస్తానంటే ఆ ముగ్గురూ మగవాడు వద్దన్నారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. "ఆ రాత్రి ఆమె చేత ఏమీ కాలేదు. ఏమీ చేతకాకనే దేవుని ముందర కూలబడింది. అక్కడినుంచే ఇదంతా" అని అమ్మ చేత్తో ఆ వరండా చివరిదాకా చూపించింది. అమ్మ అది నాకు చెప్పిందో తనకు చెప్పుకుందో తెలియదు.

మెదడు ఎడమ పక్క గడ్డ కట్టిందన్నారు. అందుకే కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. మనం అనేది అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నది నోటికి రాదు. వ్యాయామం నేర్పే ఆమె ఒకటి చూపించింది. నరాలు బిగిసి వేళ్లు లోపలికి ముడుచుకుంటాయి. పిడికిలి బిగిస్తే బలవంతంగా విప్పకూడదు. ముందు మణికట్టును మెల్లగా లోపలికి వంచాలి, అప్పుడు వేళ్లు వాటంతటవి వదులవుతాయి. తర్వాత బొటనవేలు పక్కకు తియ్యాలి, ఆపైన మిగతావి. గోళ్లు గుచ్చుకోకుండా అరచేతిలో గుడ్డ చుట్టి పెట్టాలి. అమ్మ రెండుసార్లు చేసి చూపించి, సరిగా వచ్చిందనిపించుకుంది.

18వ తేదీ ఇంటికి తెచ్చారు. కష్టం అప్పుడు మొదలైంది. అవ్వ తినదు.

మింగలేక కాదు. మెల్లగా, పలచగా కాకుండా జావలా పెడితే మింగుతుందని ఆసుపత్రిలో చూసే పంపించారు. ఎడమ చేత్తో తినదు. మేం పెడితే మొహం గోడవైపు తిప్పేస్తుంది. అమ్మ "అత్తా, రవ్వంత" అని బతిమాలితే కళ్లు మూసుకుంటుంది. నేను గరిటెడు అంబలి నోటి దగ్గరికి తీసుకుపోతే పళ్లు బిగబట్టింది, అంబలి గడ్డం మీద కారింది. తుడుస్తుంటే ఎడమ చేత్తో నా చెయ్యి తోసేసింది. నాకు ఏడుపు వచ్చింది. ఇరవై మందికి వండిపెట్టిన మనిషి, తన నోటికి ఒకరు తుడవడం ఆమెకు చావుకంటే ఎక్కువ. నిద్రలో ఉన్నప్పుడు, మగతగా ఉన్నప్పుడు నాలుగు గుక్కలు పోసేవాళ్లం. అయిదు రోజులు అట్లాగే గడిచాయి. ఆమె నలభై ఏళ్లుగా చేసిన ఉపవాసాలన్నిట్లోకీ అదే కఠినమైనది. కానీ అది దేవుని కోసం చేసింది కాదని నాకు ఇప్పుడనిపిస్తుంది. మనసు నొచ్చుకోకుండా ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఉగాది ముందురోజు సాయంత్రం మా ఇంట్లో కూటం. శ్రమకాలంలో వారానికో ఇంట్లో ప్రార్థన పెట్టుకునేవాళ్లం, ఆ వారం వంతు మాది. వద్దందామనుకుని నాయన ఊరుకున్నాడు. పది పన్నెండు మంది వచ్చారు. ఇంకా దీపం పెట్టకముందే పక్కింటి అక్క మూత పెట్టిన గిన్నెతో వచ్చింది. ఇఫ్తారుకు కాచే గంజి. "కైమా వెయ్యలేదమ్మా, మీకు ఇప్పుడు మాంసం పనికిరాదు గదా. పెద్దమ్మకని వేరేగా కాచినా" అని అమ్మ చేతికిచ్చి, తన ఉపవాసం విడవడానికి గబగబా వెళ్లిపోయింది. పుదీన వాసన ఇల్లంతా.

అయ్యగారు ద్వితీయోపదేశకాండం ఎనిమిదో అధ్యాయం చదివారు. యేసు అరణ్యంలో సాతానుతో "మనుష్యుడు రొట్టెవలన మాత్రము కాదు" అన్నది ఇక్కడి మాటేనని చెప్పారు. మనం ఆ సగమే పట్టుకుంటాం, దానికి ముందు ఏముందో చూడమన్నారు. అరణ్యంలో నలభై ఏళ్లు తిరిగిన ఇశ్రాయేలీయులను దేవుడు ఆకలిగొననిచ్చాడు, ఆపైన వాళ్లకు తెలియని మన్నాతో, అంటే ఆకాశంనుంచి కురిసిన ఆహారంతో, పోషించాడు. ఆకలి ఒక్కటే కాదు, పెట్టించుకోవడం కూడా ఆ నలభై ఏళ్ల పాఠమే. మన్నా రేపటికి దాచుకుంటే పురుగు పట్టేది. ఏ రోజుది ఆ రోజు ఆయన చేతినుంచే రావాలి. ఆయన అంతకంటే ఎక్కువ చెప్పలేదు. అవ్వ వైపు చూడను కూడా లేదు.

ఆఖరున పరలోక ప్రార్థన. "పరలోకమందున్న మా తండ్రీ" అని అందరం ఎత్తుకున్నాం. మంచం మీదనుంచి ఇంకో గొంతు కలిసింది. నీళ్లు అనడానికి రాని నోరు, నా పేరు పలకలేని నోరు, ఒక్క అక్షరం పోకుండా పలుకుతోంది. నా పక్కనున్నామె ఆగిపోయింది. అమ్మ ఆగిపోయింది. ఒక్కొక్కరూ ఆగిపోతే చివరికి అవ్వ గొంతూ అయ్యగారి గొంతూ మిగిలాయి. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్నది అవ్వ. అక్కడ నిలబడిపోయింది. తన నోట్లోంచి వచ్చిన మాట తనకే మొదటిసారి వినిపించినట్టు, మా మొహాలు ఒక్కొక్కటే చూసింది. అయ్యగారు మిగతాది మెల్లగా పూర్తిచేశారు.

నేను ఏమీ ఆలోచించలేదు. స్టూలు మీదున్న గిన్నె మూత తీసి, స్పూనుతో గంజి తీసుకుని మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. అవ్వ నా కళ్లలోకి చూసి నోరు తెరిచింది. పిచ్చుక పిల్ల తెరిచినట్టు తెరిచింది. కన్నీళ్లు చెంపలమీద కారి ఆ గంజిలోనే కలుస్తున్నాయి. గిన్నె ఖాళీ అయిందాకా తాగింది.

తర్వాత డాక్టరు చెప్పాడు, చిన్నప్పటినుంచి కంఠతా వచ్చిన ప్రార్థనలూ పాటలూ మాట పోయిన తర్వాత కూడా చాలామందికి మిగులుతాయట. ఆ మాట విని మా నాయన "అయితే మిగలబెట్టింది ఎవురు సార్?" అన్నాడు. డాక్టరు నవ్వి ఊరుకున్నాడు. నాకు రెండు మాటలూ నిజమే అనిపించింది, ఇప్పటికీ అంతే.

ఏప్రిల్ 8, గుడ్ ఫ్రైడే ముందటి పెద్ద గురువారం రాత్రి ప్రభు భోజనం. నాయన అవ్వను ఎత్తుకుని గుడికి తెచ్చి ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. అప్పటికి కుడి పిడికిలి బాగా బిగుసుకుంది. మా దగ్గర బల్ల ముందు మోకరించి, ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి పెట్టి చాచితే అయ్యగారు రొట్టె ముక్క పెడతారు. జన్మలో అవ్వ చెయ్యి చాచింది ఆ ఒక్కచోటే. అయ్యగారు రొట్టె పళ్లెంతో ఆమె దగ్గరికే దిగి వచ్చారు. నోట్లో పెట్టబోతే అవ్వ తల అడ్డంగా ఊపి, ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకుంది.

అమ్మ కింద కూర్చుంది. మణికట్టు పట్టుకుని మెల్లగా లోపలికి వంచింది. వేళ్లు కొంచెం వదిలాయి. గుడ్డ తీసింది. బొటనవేలు పక్కకు లాగింది. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలు. చిటికెనవేలు చాలాసేపు రాలేదు. అయ్యగారు రొట్టె పట్టుకుని అట్లాగే నిలబడ్డారు. వెనక బారులో వంద మంది ఉంటారు, ఒక్కరు దగ్గలేదు. అరచెయ్యి తెరుచుకుంది. నెల రోజులు వెలుతురు చూడని చెయ్యి, చింతపండు మరక పూర్తిగా పోయి చంటిబిడ్డ చెయ్యిలా తెల్లగా, మెత్తగా అయిపోయింది. గీతల్లో చెమట. అయ్యగారు దానిమీద రొట్టె పెట్టారు.

అమ్మ వదలగానే వేళ్లు రొట్టెమీద మూసుకున్నాయి. మళ్లీ విప్పాల్సి వచ్చింది. అరచేతికి అతుక్కున్న ముక్కను అమ్మ తీసి అవ్వ నోట్లో పెట్టింది. గీతల్లో మిగిలిన పొడి కోసం అవ్వ చెయ్యిని పెదాల దగ్గరికి తెచ్చింది అమ్మే. అత్తాకోడళ్లు అంతకుముందు పదిహేనేళ్లలో ఒకర్నొకరు అంత దగ్గరగా చూసుకుని ఉండరు.

మరుసటిరోజు పన్నెండునుంచి మూడు దాకా యేసు సిలువమీద పలికిన ఏడు మాటల ఆరాధన, ఆ తర్వాత గుడి ఆవరణలో గంజి, ఆదివారం చీకటితోనే ఈస్టరు. అవేవీ నాకు ఇంత స్పష్టంగా గుర్తులేవు.

ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. శ్రమకాలం వస్తూనే మా వాళ్లంతా ఒకరినొకరు అడుగుతారు, ఈసారి ఏం మానేస్తున్నావని. మానడం తప్పని నేననను, నేనూ మానతాను. కానీ నా మనసులో ఆ నలభై గళ్లు ఇంకా చెరిగిపోలేదు. జీతం, పిల్లల చదువు, ఇంటి లోను, అన్నీ నా పిడికిట్లోనే ఉన్నాయనుకునే రోజులే ఎక్కువ. 2020 శ్రమకాలం మధ్యలో అంతా ఆగిపోయింది. కొండమీద దర్శనాలు ఆపేశారు, ఎప్పుడూ కిటకిటలాడే అలిపిరి రోడ్డు బోసిపోయింది, మా గుళ్లకు తాళాలు పడ్డాయి. ఆ ఏడు పెద్ద గురువారం రొట్టె లేదు. ఫోన్లో ఆరాధన చూస్తూ, ఆ సమయానికి తెలియకుండానే ఎడమ చేతిమీద కుడి చెయ్యి పెట్టి చాచాను. ఖాళీ చెయ్యి. చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. ప్రభువా, ఇది నువ్వు నింపితే తప్ప నిండదు అని నా నోటితో నేను చెప్పింది ఆ రాత్రే. అంతకుముందు చాలాసార్లు పాడి ఉంటాను, చెప్పలేదు.

అవ్వ ఇంకో మూడేళ్లు బతికింది. మాటలు ఒకటీ అరా తిరిగొచ్చాయి. పిడికిలి మాత్రం మేం విప్పితే తప్ప విచ్చుకోలేదు. ఆ గందరగోళంలో పొయ్యి పక్కన ముంత సంగతి అందరం మరిచిపోయాం. అది అట్లాగే దుమ్ము పట్టి ఉంది. 1994లో శ్రమకాలం ఫిబ్రవరి 16న మొదలైంది. ఆ సాయంత్రం అమ్మ ఇంకా రాలేదు, ఎసరు నేనే పెట్టాను. బియ్యం చేటలోకి తీస్తుంటే, గోడకానుకుని కూర్చున్న అవ్వ ఎడమ చేత్తో ముంతను తట్టింది. దుమ్ము తుడిచి ముందుకు తెచ్చాను. తనే వేస్తుందేమోనని చేట దగ్గరికి జరిపాను. ఎడమ చేత్తో దేవునికి పెట్టనన్నట్టు తల ఊపి, నా చెయ్యి చూపించింది. ఒక పిడికెడు తీసి వేశాను.

అవ్వ ముంతలోకి వంగి చూసింది. నా పిడికిలి వైపు చూసింది.

"నీది..." అని ఆగి, మాట వెతుక్కుంది. "చిన్నది."

తర్వాత ఎడమ చేతి వేళ్లు రెండు ఎత్తింది.

నేను మళ్లీ చేటలో చెయ్యి పెట్టాను.